మార్తమ్మ నమ్మిన వంతు

వాన వెలిసిన పొద్దున సారపాక రోడ్డు మీద జామాయిల్ దుంగల లారీ వెనక ఇరుక్కున్న ఆటోవాడికి చేయగలిగినవి రెండే. హారన్ కొట్టుకుంటూ కూర్చోవడం, లేదా ముక్కు తెరుచుకుని కూర్చోవడం. మొన్న నేను రెండోది చేశాను. తడిసిన జామాయిల్ బెరడుకు ఒక ఘాటు ఉంటుంది. జలుబు చేస్తే వేడినీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టి దుప్పటి కప్పినప్పుడు ముక్కుల్లోకి ఎక్కే ఘాటు. వెనక సీట్లో నా భార్య రూతు కళ్లు మూసుకుని ఉంది. “మార్తమ్మ పెద్దమ్మ బండెక్కినట్టుంది” అంది, కళ్లు తెరవకుండానే. నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను. పైకి మాత్రం ఎక్కితే ఎక్కనియ్యి, కిరాయి అడగనులే అన్నాను. రూతు నవ్వలేదు. డయాలసిస్‌కు వెళ్లేటప్పుడు ఆమెకు నవ్వు రాదు, వచ్చేటప్పుడు నవ్వే ఓపిక ఉండదు. కొన్నేళ్లుగా రోజు విడిచి రోజు మేమిద్దరం గోదావరి వంతెన దాటి భద్రాచలం దవాఖానాకు వెళ్లి వస్తున్నాం. నా హాస్యానికి ఇంతకంటే గట్టి పరీక్ష ఏ బడిలోనూ పెట్టి ఉండరు.

బడి సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. తల్లాడ దగ్గర మా ఊళ్లో ఏడో తరగతిలో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా సారు చెప్పేవాడు. ఎవరు ఎవరిని మానేసినా ఇద్దరికీ మంచే జరిగింది. ఆటో నేర్చుకుని ఇటు వచ్చాను, సారపాక అవతల అడవి అంచున ఉన్న ఊళ్లో రూతును చేసుకున్నాను, అక్కడే ఉండిపోయాను. నాకు యేసోబు అని పేరు పెట్టారు గానీ, పేరులో ఉన్నంత భక్తి మనిషిలో లేదు. ఆదివారం రూతును రేకుల చర్చి దగ్గర దింపి, నేను బయట ఆటోలో కాళ్లు చాపుకుని పడుకునేవాణ్ని. పాటలు బయటికి కూడా వినిపిస్తాయి కదా అని నా వాదన.

ఆ చర్చి గుమ్మం దగ్గర నాకు ఎదురైన మనిషి మార్తమ్మ. రూతు తల్లికి అక్క వరస. నాకు అత్త. అప్పటికే తల నెరిసింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఎండాకాలం ముందు మిరప ఏరడానికి, ఎండలు ముదిరాక తునికాకు కోతకు, మిగతా రోజుల్లో ఏది దొరికితే దానికి పోయేది. ఏళ్ల తరబడి వంగి పనిచేసిన మోకాళ్లు ఆమె మాట వినడం మానేశాయి. పొద్దున్నే వాటికి నీలగిరి తైలం, అదే జామాయిల్ ఆకు నూనె, పట్టించి బయలుదేరేది. మనిషి కంటే ముందు ఆ వాసన వచ్చేది, మనిషి వెళ్లిపోయాక కూడా కాసేపు ఉండేది.

మా చర్చి ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ, వండడానికి తీసిన బియ్యంలోంచి ఒక పిడికెడు పక్కన కుండలో వేస్తారు. అది దేవుడి పిడికెడు. ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నా, అడుగంటినా, ఆ పిడికెడు మాత్రం తీయాల్సిందే. వారం తిరిగేసరికి కుండలో చేరింది చర్చికి వస్తుంది. అందరి బియ్యం ఒకే సంచిలో పోస్తారు. అందులోంచి కొంత పాస్టరు గారింటికి, కొంత ఆ వారం పొయ్యి కష్టంగా వెలిగే ఇళ్లకు పోతుంది. ఎవరి బియ్యం ఎవరికి పోయిందో అడిగే పద్ధతి లేదు. ఆ సంచి బాధ్యత మార్తమ్మది. రేషన్ బియ్యం, సన్నబియ్యం, నూకలు, ఎవరో దంచి తెచ్చిన ఎర్ర బియ్యం, అన్నీ అందులో కలిసిపోయేవి. ఆ సంచి మోసుకుపోవడానికి ఆమె నా ఆటో ఎక్కేది. ఒకసారి నేను ఊరుకోలేక, అత్తా, ఈ బియ్యం వండితే ఒక గింజ ముద్దయ్యేసరికి ఇంకో గింజ అప్పుడే నిద్ర లేస్తుంది, మీ దేవుడు ఎట్లా తింటాడో ఏమో అన్నాను.

“దేవుడు తినడు గని, తినెటోళ్లు తింటరు” అంది మార్తమ్మ. “సంఘమంటె గట్లనే ఉంటది అల్లుడా. ఒకడు జల్దీ ఉడుకుతడు. ఇంకొకడు బయట ఆటోల పండుకుంటడు.”

నా మీద నాకంటే మంచి జోకు వేసిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. ఆ వారం నుంచి ఆమె ఎప్పుడు బండెక్కుతుందా అని ఎదురు చూడడం మొదలైంది. లోపలికి రమ్మని ఆమె ఎన్నడూ బతిమాలలేదు. వానాకాలంలో ఒక ఆదివారం మాత్రం, లోపల రేకు కారుతోంది, నువ్వు ఎట్లాగూ ఖాళీగా ఉన్నావు, వచ్చి బకెట్ పెట్టు అంది. పెట్టాను. బకెట్ నిండితే పారబోయాలి కాబట్టి అక్కడే కూర్చున్నాను. అలా నేను చర్చిలోకి వచ్చాను. పాస్టరు గారు వాక్యం చెప్పి రప్పించారని అందరూ అనుకుంటారు. రప్పించింది రేకులో పడ్డ చిల్లు.

రూతు కాళ్లకు వాపు వచ్చినప్పుడు మేం మొదట పట్టించుకోలేదు. తర్వాత మొహం ఉబ్బింది, అన్నం సయించలేదు. పరీక్షలు చేసి కిడ్నీలు పాడవుతున్నాయని చెప్పారు. మందులు రాశారు, ఉప్పు తగ్గించమన్నారు. సంఘమంతా మా ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. కొన్ని నెలలకు రిపోర్టులో ఏదో అంకె తగ్గింది. డాక్టరు తగ్గిందన్నాడు, మందులు ఆపొద్దన్నాడు, మళ్లీ చూపించుకోమన్నాడు. మాకు మొదటి మాట ఒక్కటే చాలింది. దవాఖానా మెట్లు దిగుతుండగానే రూతు, కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం అంది.

కృతజ్ఞత కూడిక అంటే తెలియనివారికి చెప్పాలి. మా ఇళ్లల్లో జబ్బు నయమైనా, బిడ్డ పుట్టినా, ఇల్లు లేచినా, సంఘాన్ని పిలిచి, మైకు పెట్టి, దేవుడు ఏం చేశాడో అందరి ముందు సాక్ష్యంగా చెప్పి, భోజనం పెడతారు. మా ఇంటి ముందు షామియానా వేశాం. మేకను కోశాం. మార్తమ్మ పొద్దుటి నుంచి ఉల్లిపాయలు కోస్తూ, కళ్లు తుడుచుకుంటూ, ఇది సంతోషంతో వచ్చే ఏడుపు కాదు, ఉల్లిగడ్డ ఏడుపు, నన్ను సాక్ష్యంలో కలపకండి అని అందరినీ నవ్వించింది. రూతు మైకు పట్టుకుని, నన్ను పూర్తిగా బాగు చేసిన దేవునికి స్తోత్రం అని చెప్పింది. పూర్తిగా అనే మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాట చెప్పినప్పుడు ఆమె మొహంలో ఉన్న వెలుగు కూడా గుర్తుంది. అది దొంగ వెలుగు కాదు.

ఆ మేక చర్మం ఆరకముందే వాపు మళ్లీ వచ్చింది. ఈసారి మందులతో అయ్యేది కాదన్నారు. చేతి నరాలు కలిపి ఆపరేషన్ చేశారు, డయాలసిస్ మొదలైంది. ఇక మా బతుకు క్యాలెండరులో రెండు రకాల రోజులే మిగిలాయి, మిషన్ ఉన్న రోజు, మిషన్ లేని రోజు. ఉన్న రోజు ఆమె పడుకుని ఉంటుంది, లేని రోజు లేవలేక పడుకుని ఉంటుంది. అన్నిటికంటే కష్టం వేరే వచ్చింది. మా కూడికలో భోంచేసి వెళ్లినవాళ్లకు మమ్మల్ని ఏమని పలకరించాలో తెలియలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. నయమైందని చప్పట్లు కొట్టిన చేతులను ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాళ్లు, అంతే. దూరం నుంచి మమ్మల్ని చూసి రోడ్డు దాటి అవతలికి పోయేవారు. చుట్టాల్లో ఒకామె మాత్రం పలకరించింది. విశ్వాసంలో ఎక్కడో తక్కువ పడి ఉంటుంది, చూసుకో రూతూ అని చెప్పి పోయింది. ఆ ఒక్క మాట సూదిలా దిగింది. అప్పటిదాకా జబ్బు ఒంటిది. ఆ తర్వాత జబ్బు రూతు తప్పు అయిపోయింది. ఆమె చర్చికి రావడం మానేసింది. పిడికెడు తీయడం కూడా మానేసింది. నేను జోకులు వేస్తూనే ఉన్నాను. ఖాళీ హాలులో మైకు పరీక్ష చేస్తున్నట్టు ఉండేది.

అప్పుడొక శనివారం మార్తమ్మ మా గుమ్మంలోకి వచ్చింది, సంఘం బియ్యం సంచితో. రూతు మంచం మీంచి లేచి కూర్చుని, పెద్దమ్మా, మనం ఇచ్చేవాళ్లమే గానీ తీసుకునేవాళ్లం కాదు అంది. మార్తమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

“ఇన్నేండ్లు నీ పిడికెడు ఎవలు తిన్నరో నీకు ఎరుకేనా?” అని అడిగింది, రాళ్లు ఏరుతూనే.

“ఎరుక లేదు.”

“ఇది ఎవలిదో నాకు గూడ ఎరుక లేదు. పొయ్యి ముట్టియ్యి అల్లుడా.”

పొయ్యి వెలిగించాను. వెనకనుంచి రూతు మెల్లగా అడగడం వినిపించింది, మైకులో చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోయింది కదా పెద్దమ్మా, ఇప్పుడు దాన్ని ఏం చేసుకోవాలి అని. ఆ ప్రశ్నకు పాస్టరు గారైతే ఒక గంట చెప్పేవారు. మార్తమ్మ చాట దులిపింది.

“ఆ దినం నీ సంతోషం అబద్ధమా? మేక కూర అబద్ధమా? అల్లుడు అడిగి అడిగి ఏసుకుండు. ఆ దినం స్తోత్రం ఆ దినానిది. దాన్ని ఎనక్కి తీసుకునేడిది లేదు. ఈ దినానికి ఏముంటె గదే చెప్పు. ఏం లేకపోతె ఊకో.”

ఆ రోజు మేం ముగ్గురం ఆ బియ్యం తిన్నాం. నేను చెప్పినట్టే ఒక గింజ ముద్దగా, ఒక గింజ బిరుసుగా ఉంది. రూతు చాలా రోజుల తర్వాత రెండోసారి పెట్టించుకుంది. నేను జోకు వేయబోయి మానుకున్నాను.

ఆ తర్వాత ఎండలు వచ్చాయి. మా వైపు ఎండాకాలంలో కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చుంటాయి. డయాలసిస్ మనిషి నీళ్లు తాగకూడదు. తాగితే ఒంట్లోనే నిలిచిపోతాయి, ఊపిరి ఆడదు. పొద్దంతటికీ ఒక చిన్న సీసా. రూతు ఆ సీసాను ఎదురుగా పెట్టుకుని, గొంతు తడుపుకుని మూత బిగించేది. మార్తమ్మ ఎండన పడి వచ్చి కూర్చునేది. మంచినీళ్లు ఇస్తే వద్దనేది. బయట తాగి వచ్చానని ఒకసారి, కడుపు నిండుగా ఉందని ఒకసారి చెప్పేది. పెదవులు పగిలిపోయి ఉండేవి. ఈ ఇంట్లో రూతు తాగనంతసేపు ఆమె కూడా తాగదని మాకు అర్థమవడానికి చాన్నాళ్లు పట్టింది. రూతు చెయ్యి మీద ఆపరేషన్ చేసిన చోట చర్మం కింద రక్తం ఝుమ్మని పారుతూ ఉంటుంది. మార్తమ్మ దాని మీద అరచెయ్యి పెట్టి, లోపల తుమ్మెద తిరుగుతోంది, మంచిగనే ఉంది అని నవ్వేది. ఆమె ప్రార్థన కూడా అలాగే ఉండేది, పొట్టిగా. ప్రభువా, ఈ పిల్లను చూడు అని ఆమెన్ అనేది. ఇంకో మాట ఉండేది కాదు. నాకు ఆమె ప్రార్థనలు నచ్చడానికి అది కూడా ఒక కారణం.

ఒక పొద్దున ఆటో గుమ్మం ముందు పెట్టి పిలిస్తే రూతు లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఇక రాను అంది. బతిమాలాను. నవ్వించబోయాను. కోప్పడ్డాను. మిషన్ మానేస్తే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి. ఆటో తీసుకుని మార్తమ్మ మిరప ఏరుతున్న చేను దగ్గరికి పోయాను. ఆమె చేతులు కూడా కడుక్కోకుండా వచ్చింది. ఇంట్లో అడుగుపెట్టగానే ఘాటుకు ముగ్గురం తుమ్మాం. ఇంకో రోజైతే దానికే పొద్దుపోయే దాకా నవ్వుకునేవాళ్లం.

రూతు గోడకే చెప్పింది. “దేవుడుంటె ఈ మిషనెందుకు పెద్దమ్మా? లేకపోతె ఈ బతుకెందుకు? నాకు నమ్మకం లేదు. ఎంత ఎతికినా దొరుకుతలేదు. అందుకే గిట్ల అయిందంటున్నరు గదా, కానియ్యి.”

మార్తమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. నాకు తెలియదు బిడ్డా అంది మొదట. తర్వాత తన భర్త సంగతి చెప్పింది. మలేరియా వచ్చిందట. ఉపవాసాలు ఉన్నారట, చర్చిలోనే పడుకున్నారట. అతను పోయాడు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆమె దేవుడితో ఒక్క మాట మాట్లాడలేదట. నాకు అది కొత్త. ఆమెకు విశ్వాసం పుట్టుకతో వచ్చిందని, నాకు నోరు వచ్చినట్టు, అనుకునేవాణ్ని.

“మరి మళ్లెట్ల వచ్చిందే?” అని రూతు ఇటు తిరిగింది.

“నాకు రాలే. నా వంతు మా అత్త నమ్మింది” అంది మార్తమ్మ. “పోయింది ఆమె కొడుకు. ఆమెకు నాకంటె ఎక్కువ కోపముండాలె. నీకు చాతగాకపోతె ఊకో, నీది గూడ నేను నమ్ముత, నువ్వు లేచి పనికి పో అన్నది. పోయిన. నడుసుకుంట నడుసుకుంట ఎప్పుడు మళ్ల నాదైందో నాకే ఎరుక లేదు.”

మార్తమ్మ మిరపకారం అంటిన చేతులు తగలకుండా దూరంగా పట్టుకుని, మోచేత్తో ఆమె భుజాన్ని తాకింది.

“నీ వంతు నేను నమ్ముత. నా వంతు నువ్వు బండెక్కు. నా మోకాళ్లతోని ఎక్కుడు అయితలేదు.”

“గట్ల నడుస్తదా పెద్దమ్మా?”

“పిడికెడు బియ్యం నడుస్తలేదా? ఒకల కుండలది ఇంకొకల కడుపుల పడ్తలేదా? గిది గూడ గంతే.”

రూతు లేచి చెప్పులు వెతుక్కుంది. నమ్మి లేవలేదు, ఆ మాట తనే తర్వాత చెప్పింది. ఆ ముసలామె ఎండలో చేను విడిచి వచ్చింది కదా, వట్టి చేతులతో పంపడం బాగుండదని లేచిందట. నేను బండి స్టార్ట్ చేశాను. ఆ రోజు నుంచి పొద్దున్నే బయలుదేరేటప్పుడు మార్తమ్మ గుడిసె ముందు ఆటో నెమ్మది చేసేవాణ్ని. మోకాళ్లకు తైలం రాసుకుంటూ ఆమె తలెత్తి, నాది అయింది, ఇంక నీదే ఉన్నది, పో అనేది. రూతు చెయ్యి ఊపేది. కొన్ని రోజులు అదీ ఊపేది కాదు. మార్తమ్మ తన మాట మాత్రం చెప్పకుండా ఉండేది కాదు.

ఆమె వానాకాలంలో పోయింది. చేను నుంచి వచ్చి, మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చుతానని పక్కింటామెతో చెప్పి పడుకుంది. మళ్లీ లేవలేదు. మర్నాడు మిషన్ రోజు కావడంతో మేం దవాఖానా నుంచి నేరుగా సమాధుల దొడ్డికి పోయాం. నేల తడిసి జిగురుగా ఉంది. పెట్టె దింపేటప్పుడు ఒకతను కాలు జారి పడబోతే, మెల్లగా దించండి, ఆమె మోకాళ్లు నొస్తాయి అన్నాను. జోకు వేయాలని అనలేదు. నోరు అలవాటు ప్రకారం అనేసింది. గొయ్యి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. మమ్మల్ని చూసి రోడ్డు దాటిపోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్లే వచ్చి రూతును రెండు వైపులా పట్టుకుని నిలబెట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో రూతు అడిగింది. “ఏమయ్యా, ఇప్పుడు నా వంతు ఎవలు నమ్ముతరు?”

నాకు జవాబుకు ఎప్పుడూ వెతుక్కునే పని ఉండదు. అవతలివాడు ప్రశ్న ముగించేలోపే నా నాలుక మీద ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు లేదు. అద్దంలో చూశాను. ఆమె నన్ను ఆటపట్టించడం లేదు, ఓదార్పూ అడగడం లేదు. రేపు కాక ఎల్లుండి మళ్లీ బండెక్కాలా వద్దా అనేది నా నోట్లోంచి వచ్చే మాట మీద ఉంది. ఇన్నేళ్లు అందరి మాటలకూ ఎదురు మాట వేసిన నేను, బకెట్ పట్టుకుని చర్చిలోకి వచ్చిన నేను, “నేను నమ్ముత” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రూతు నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. సరే అంది.

అది చెప్పినంత తేలిక కాదు. జోకు వేస్తే ఎదుటి మొహంలో వెంటనే తెలిసిపోతుంది, పేలిందో లేదో. ఇది పేలిందో లేదో చెప్పేవాళ్లు లేరు. పాస్టరు గారిని అడిగితే ప్రార్థన చేయమంటారు, చేస్తున్నాను. మిషన్ గది బయట బల్ల మీద నాలాంటివాళ్లం వరసగా కూర్చుంటాం, మొగుళ్లం, తమ్ముళ్లం, అమ్మలం. ఎవరి దేవుడు వాళ్లకు ఉన్నాడు, ఎవరి అలసట వాళ్లకు ఉంది. నేను కళ్లు మూసుకుని, రూతు వంతు నమ్మడానికి కూర్చుంటాను. కొన్ని రోజులు అది దానంతటదే వస్తుంది, గోదావరి మీది గాలిలా. చాలా రోజులు సగమే వస్తుంది. కొన్ని రోజులు నిద్ర వస్తుంది. మార్తమ్మకు కూడా కొన్ని రోజులు ఇలాగే ఉండి ఉంటుందా అని ఈ మధ్యే అనుమానం వచ్చింది. గుడిసె ముందు కూర్చుని నాది అయింది అని మాకు చెప్పిన రోజుల్లో ఎన్నిసార్లు నిజంగా అయిందో, ఎన్నిసార్లు మాకోసం అయిందని చెప్పిందో. అడగడానికి మనిషి లేదు. అడిగినా నీ పని నువ్వు చూసుకో అల్లుడా అనేది.

మొన్న కూడా లారీ కదిలి, వంతెన దాటి, రూతును లోపలికి పంపి బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి నర్సు తలుపు తీసింది. సందులోంచి రూతు కనిపించింది. సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా, మెడ మాత్రం తిప్పి నా వైపు చూసింది, అయిందా అన్నట్టు. తల ఊపాను. ఆమె కళ్లు మూసుకుంది. నాది ఇంకా కాలేదు. తలుపు మూసుకున్నాక మళ్లీ మొదలుపెట్టాను.